మనుషుల్లేని పత్తర్‌గట్టి

మందమర్రి,
15 జులై 1986.

ప్రియమైన రబియాకు,

క్షేమంగా ఇల్లు చేరాను. ఈ మాట ముందే రాసేస్తున్నాను. లేకపోతే నాలుగో పేజీ దాకా చదివి, ఇంతకూ చేరిందా లేదా అని నన్ను తిట్టుకుంటావు. సికింద్రాబాదు నుంచి కాజీపేట దాకా నిలబడే వచ్చాను. తప్పు రైలుది కాదు, నాదే. నువ్వు కరీంనగర్ బస్సెక్కాక గౌలిగూడ బస్టాండు పక్కన వేడి వేడి మిర్చీలు కనిపించాయి. నాలుగు తిని స్టేషనుకు పోయేసరికి పెట్టెలన్నీ నిండిపోయాయి.

మన ఒప్పందం ప్రకారం ఈసారి తిన్నవాటి వివరం వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. శనివారం మొజంజాహీ మార్కెట్లో తిన్న మామిడి ఐస్‌క్రీం నుంచి, ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాల గుట్టల మధ్య నిలబడి తాగిన చాయ్ దాకా అన్నీ ఉన్నాయి. మలక్‌పేటలో మీ జమాలున్నీసా ఖాలా పెట్టిన ఖట్టీ దాల్‌కు మాత్రం సగం పేజీ ఇచ్చాను. ఆమె ఇల్లే లేకపోతే మన రెండో శనివారాలు ఒక్క పూటతో అయిపోయేవి. ఇద్దరు ఆడవాళ్లు పట్నం చూడటానికి వచ్చామంటే లాడ్జిలో గది ఎవరిస్తారు?

నీ వంతు బొమ్మ నలుగుతుందని రైల్లో విప్పలేదు. ఇంటికొచ్చి బల్ల మీద పరిచాను. మార్కెట్టు రాతిగోడలు, పైన గడియారం, కింద మనం ఐస్‌క్రీం దుకాణంలో అడిగి తెచ్చుకున్న రెండు స్టూళ్లు. మా ఆయన ఉపేందర్‌రావు సంగతి నీకు తెలుసు కదా, గనిలో సర్వేయరు. దోసె వేసి పెట్టినా గుండ్రంగా ఉందా లేదా అని చూసే మనిషి. స్కేలు తెచ్చి గడియారం గోపురం కొలిచారు. "కొలతలు బరాబర్ ఉన్నయ్. మా ఆఫీసుల ఒక్కడు గూడ గింత సాఫ్‌గ గియ్యడు" అన్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఫిబ్రవరి నుంచి నువ్విచ్చిన ఆరు బొమ్మలూ వరసగా పెట్టి చూసి, అన్నీ బజార్లే కదా, ఒక్క మనిషీ లేడేమిటని అడిగారు. నేను కళ్లతోనే ఊరుకోమన్నాను. కొన్ని అడగకూడదని ఆయనకు ఎప్పుడు తెలుస్తుందో. ట్రైనింగు కాలేజీలో మోడల్ పాఠానికి నువ్వు నాగలి గీసి, రైతును గీయకుండా వదిలేసిన రోజే నాకు అర్థమైంది. పన్నెండేళ్లలో ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను.

మా అత్తగారు తారాబాయి, నెలనెలా పట్నంలో నీకేం పనని మళ్లీ అడిగింది. తిరగడానికి అన్నాను. "తిరుగుడుకు గూడ రైలెక్కుతరా బిడ్డా?" అని బుగ్గన వేలు పెట్టుకుంది.

వచ్చే నెల పేట ఎంచుకునే వంతు నీది.

నీ
ప్రమోదిని

*

కరీంనగర్,
22 జులై 1986.

ప్రమోదినికి సలాం.

నీ వివరం చదివాను. ఖీమా లుక్మీలు రెండు తిన్నానని రాశావు. లెక్కల టీచరుకు రాసేటప్పుడు మనిషికి కాస్త భయం ఉండాలి. నీ ప్లేటులోవి రెండు, నా ప్లేటులోంచి ఒకటిన్నర. మూడున్నర అని దిద్ది పెట్టుకున్నాను.

నేను బొమ్మ వేసేటప్పుడు ఎట్లా ఉంటానో నీకు తెలియదు, ఎందుకంటే నువ్వు అప్పుడు తింటూ ఉంటావు. నా కళ్లు గోడ అంచుల మీద, కమాన్ల మీద ఉంటాయి. కిందికి దించను. పోయిన నెల పత్తర్‌గట్టిలో అత్తరు దుకాణం ముసలాయన "క్యా దేఖ్‌రే బీబీ?" అని అడిగితే పెన్సిలుతో పైనున్న రాతి కమాను చూపించాను. ఆయన కూడా తలెత్తి చూశాడు. నలభై ఏళ్లుగా దీని కిందే కూర్చుంటున్నాను, ఎన్నడూ చూడలేదన్నాడు. ఆ మాటకు నేను రెండు రోజులు సంతోషంగా ఉన్నాను.

మావారు ఇబ్రాహీం గడియారాలు బాగుచేసే మనిషి కాబట్టి ఆయన ధ్యాస అంతా అటే. మొజంజాహీ బొమ్మలో టైమెంత వేశావని అడిగారు. పదకొండున్నర అన్నాను. "అయితె మీ ప్రమోదినికి అప్పటికే ఆకలైతుండాలె" అన్నారు. నీ పేరు మా ఇంట్లో ఇట్లా వెలుగుతోంది.

ఆగస్టులో నేను రాలేను. బడికి ఇన్‌స్పెక్షన్ ఉంది, పైగా బక్రీద్ దగ్గర పడింది. నువ్వు పో. బేగంబజార్ చూసి రా, ఇత్తడి గిన్నెల మీద ఎండ ఎట్లా పడుతుందో రాయి.

ఒక మాట చెప్పాలని ఉంది. నెలకు ఇరవై ఎనిమిది రోజులు నేను బడిదాన్ని, ఇంటిదాన్ని. నాది అనుకునేది ఆ ఒకటిన్నర రోజూ, ఆ కాగితాలూ. అవి నీ దగ్గరున్నాయంటే నాకు నిశ్చింత. మా ఇంట్లో ఉంటే పిల్లలు పడవలు చేస్తారు.

నీ
రబియా

*

మందమర్రి,
24 ఆగస్టు 1986.

ప్రియమైన రబియాకు,

గోదావరి ఇంత పొంగడం మా అత్తగారు కూడా చూడలేదట. వారం రోజులు టపా లేదు. నువ్వు అటు, నేను ఇటు, మధ్యలో నీళ్లు. ఆ వారం బడి కూడా లేదు. కాలనీలో వరదవాళ్లకు రొట్టెలు చేశాం.

వరదకు ముందు, తొమ్మిదో తారీఖున, మా ఆయన తరఫు చుట్టాలమ్మాయి నిశ్చితార్థానికి హిమాయత్‌నగర్ పోయాం. నీ ఆజ్ఞ ప్రకారం మర్నాడు ఆయన్ను బేగంబజార్ తీసుకుపోయాను. ఇత్తడి మీద ఎండ సంగతి అడిగావు. పొద్దున పదింటికి ఎండ వీధిలో పడదు. గిన్నెల మీద పడి, అక్కడినుంచి ఎదురింటి గోడ ఎక్కుతుంది. దుకాణం వాడు ఒక బిందె పక్కకు జరిపితే గోడ మీది వెలుగు కూడా జరిగింది. నువ్వుంటే గీసేదానివి. నేను చూసి, జిలేబీ తిన్నాను.

అంతకుముందు గిన్నెడు నిహారీ మాంసం పులుసు కూడా తిన్నాను. ఆయన గిన్నెలోకి తొంగిచూసి, పొద్దున్నే ఇది తింటారా అని అడిగి, మూడు చాయ్‌లు తాగి కూర్చున్నారు. ఎదురుగా నీ ప్లేటు లేకపోతే నాకు తిన్నట్టే లేదు.

నిశ్చితార్థంలో సరళాదేవి గారని ఒక పెద్దావిడ పరిచయమైంది. అక్కడొక మహిళా మండలికి కార్యదర్శి. బొమ్మలంటే చాలా ఇష్టమట. ఆవిడతో ఏం మాట్లాడానో ఇప్పుడు చెప్పను. కడుపులో పెట్టుకోలేక అవస్థ పడుతున్నాను, అయినా చెప్పను.

మా ఆయన ఆఫీసులో లింగమూర్తి అని ట్రేసరు ఉన్నాడు. గని ప్లాన్లకు నకళ్లు తీస్తాడు, సేఫ్టీ వారానికి పోస్టర్లు వేస్తాడు. మొన్న ఇంటికొచ్చి నీ బొమ్మలు చూసి, చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

నీ
ప్రమోదిని

*

కరీంనగర్,
2 సెప్టెంబరు 1986.

ప్రమోదినికి సలాం.

బిందె జరిపితే వెలుగు జరిగిందన్న మాట చదివి, నువ్వు కూడా చూడటం నేర్చుకున్నావని తెలిసింది. తినడం కూడా ఆపలేదని తెలిసింది.

నాకొక పరేషాన్ పట్టుకుంది. పత్తర్‌గట్టి బొమ్మలో అత్తరు దుకాణం నుంచి మూల దాకా కమాన్లు పదకొండు వేశాను. రాత్రి పడుకుని లెక్కపెడితే పన్నెండు వస్తున్నాయి. పిల్లలకు తప్పు లెక్క చెప్పి వచ్చినట్టుంది. పదమూడో తారీఖున వచ్చేటప్పుడు ఆ బొమ్మ తీసుకురా. అక్కడే నిలబడి సరిచూసుకుంటాను.

ఆ పెద్దావిడ సంగతి అడగను. నువ్వు దాచిన సంగతులు నెల దాటి నిలవవు.

నీ
రబియా

*

మందమర్రి,
8 సెప్టెంబరు 1986.

ప్రియమైన రబియాకు,

ఈ నెల నేను రాలేను. మా అత్తగారికి జ్వరం తగిలింది. బొమ్మలు ఆరూ భద్రంగా బీరువా అడుగున, పట్టుచీరల మధ్య ఉన్నాయి. ఒక్కటి లాగితే అన్నీ నలుగుతాయి. నీ కమాన్లు ఎక్కడికీ పోవు, కాస్త ఓపిక పట్టు.

అక్టోబరులో బతుకమ్మ, దసరా. ఇల్లు కదలనివ్వరు. నవంబరు ఎనిమిదిన మాత్రం నువ్వు తప్పకుండా రావాలి. అయితే మనం ఎప్పుడూ కలుసుకునే మొజంజాహీ గడియారం కిందికి కాదు. హిమాయత్‌నగర్‌లో మహిళా మండలి హాలు ఉంది, అడ్రసు వెనక రాశాను. పదకొండింటికి రా. ఆ ఆకుపచ్చ చీర కట్టుకో. ఎందుకని అడగకు.

నీ
ప్రమోదిని

*

కరీంనగర్,
12 నవంబరు 1986.

శ్రీమతి ప్రమోదిని గారికి,

నమస్కారాలు.

శనివారం మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చాను. మీరు హాలు బయట, తర్వాత ఖాలా ఇంట్లో నా కోసం వెతికారని తెలిసింది. చెప్పకుండా వచ్చినందుకు మన్నించండి.

గోడ మీద నా పేరు, నా బొమ్మలు చూశాను. ఆరు బొమ్మల్లో కలిపి మనుషులు నలభై ఒక్కరు ఉన్నారు. పత్తర్‌గట్టిలోనే పద్నాలుగు మంది. అందరూ ఎడమ వైపే నడుస్తున్నారు. అందరి చేతుల్లో టిఫిన్ డబ్బాలున్నాయి. సుల్తాన్‌బజార్లో గాజుల దుకాణం ముందు ఒకాయన చెయ్యెత్తి, పైకప్పు కూలుతుందన్నట్టు వేలు చూపిస్తున్నాడు. మొజంజాహీ మార్కెట్లో నేను ఖాళీగా ఉంచిన రెండు స్టూళ్ల మీద ఇద్దరు గని టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. నా పక్కన నిలబడ్డ ఒకావిడ, మనుషులుండబట్టి బొమ్మలకు కళ వచ్చిందన్నది. ఇవి ఎవరు గీశారని నన్నే అడిగింది. నాకు తెలియదన్నాను.

బొమ్మలు నేను మీకు ఇచ్చినవి. ఇచ్చిన వస్తువు మీద నాకు మాట లేదు. బీరువాలో పట్టుచీరల మధ్య ఉన్నాయని రాసిన ఉత్తరం మాత్రం నా దగ్గర ఉంది.

డిసెంబరులో పరీక్షల పని ఎక్కువ. పట్నం రావడం కుదరదు. ఆ తర్వాత కూడా కుదురుతుందని చెప్పలేను.

ఇంట్లో పెద్దవారికి నా నమస్కారాలు.

ఇట్లు
రబియా బేగం

*

మందమర్రి,
17 నవంబరు 1986.

రబియా,

పన్నెండేళ్లలో నువ్వు నన్ను "గారు" అనలేదు. ఆ ఒక్క మాటతో చెంప పగలగొట్టావు. మిగతా ఉత్తరం చదవడానికి సాయంత్రం దాకా పట్టింది.

జరిగింది జరిగినట్టు చెప్తాను. నిశ్చితార్థానికి పోయినప్పుడు నీ బొమ్మలు వెంట తీసుకుపోయాను. చుట్టాలకు చూపించి గొప్ప చెప్పుకోవాలని. సరళాదేవి గారు ఒక్కొక్కటీ కిటికీ దగ్గర పెట్టి చూసింది. "బొమ్మలు మంచిగున్నయమ్మా. కని కర్ఫ్యూ పెట్టిన ఊరు తీరున్నది. మనుషులుంటె నవంబర్ల మా ప్రదర్శనల పెడత" అన్నది. నీకు రాస్తే నువ్వు వద్దంటావని తెలుసు. అందుకే రాయలేదు. నీ పేరు పట్నంలో ఒక గోడ మీద చూడాలన్న ఆశ నాకు అంత ఉండింది.

నువ్వు మనుషులను గీయవు, మీ మతంలో గీయకూడదు అనుకున్నాను. అందుకే లింగమూర్తితో గీయించాను. తప్పు పని ఏదన్నా ఉంటే వాడి చేతికే అంటుతుంది, నీ చేతికి అంటదు అనుకున్నాను. నీ పద్ధతిని గౌరవించాననే అనుకున్నాను, రబియా. ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. నువ్వు కమాన్ల కోసం బొమ్మ అడిగిననాడు అవి లింగమూర్తి బల్ల మీద ఉన్నాయి. అత్తగారికి జ్వరమూ లేదు.

లింగమూర్తి చుట్టి ఇచ్చిన కాగితాలు విప్పకుండానే సరళాదేవి గారికి పంపాను, వాడి పని ప్రదర్శన రోజు పొద్దునే చూశాను. అప్పటికే గోడకు ఎక్కించారు.  నువ్వు వస్తే నవ్వి ఊరుకుంటావని నాకు నేనే చెప్పుకున్నాను.

బొమ్మలు వెనక్కి తెచ్చాను. లింగమూర్తికి నీ ఉత్తరం సంగతి చెప్తే పాపం ముఖం చిన్నబోయింది. గని ప్లాన్లకు వాడే ట్రేసింగ్ గుడ్డ మీద సిరా తప్పు పోతే బ్లేడుతో గీకి తీసేస్తారట. ఆ ధైర్యంతో పత్తర్‌గట్టిలో ఒక మనిషిని గీకాడు. కాగితం కదా, చిల్లు పడింది. బ్లేడు కింద పెట్టి, "టీచరమ్మా, నాకు మనుషులంటె షిఫ్టుకు పొయ్యేటోళ్లే ఎరుక. వేరే మనుషులను నేనెన్నడు గియ్యలే" అన్నాడు. వాణ్ని ఏమనగలను?

నీదైన ఒకటిన్నర రోజూ, ఆ కాగితాలూ నా దగ్గర పెట్టావు. రెండూ పాడుచేశాను. ఏం చేస్తే నీ కోపం పోతుందో నాకు తెలియడం లేదు. డిసెంబరు పదమూడున పదకొండింటికి మొజంజాహీ మార్కెట్ గడియారం కింద కూర్చుంటాను. నువ్వు రాకపోయినా కూర్చుంటాను.

ప్రమోదిని

*

మందమర్రి,
16 డిసెంబరు 1986.

రబియా,

నా ముందు ఉత్తరానికి జవాబు రాలేదు. అయినా రాస్తున్నాను. ఒప్పందం ప్రకారం తిన్నవాటి వివరం నీకు బాకీ ఉన్నాను.

చాయ్ ఒకటిన్నర. అంతే.

పదకొండు నుంచి రెండు దాకా కూర్చున్నాను. ఐస్‌క్రీం దుకాణం వాడు నన్ను గుర్తుపట్టి, అడగకుండానే రెండు స్టూళ్లు తెచ్చి వేశాడు. ఇంకో అమ్మ ఏదని అడిగాడు. వస్తుందన్నాను. అలవాటు చొప్పున చాయ్ రెండు చెప్పాను. రెండోది చల్లారిపోతుంటే చూడలేక సగం తాగాను.

కూర్చుని కూర్చుని తోచక, మా బడి పిల్లల డ్రాయింగు పుస్తకంలోంచి చించుకెళ్లిన కాగితం తీశాను. నీ మీద కోపమో, నా మీద కోపమో, నేనే గీస్తా అనుకున్నాను. మార్కెట్టు గోడ నాతో కాలేదు, వంకర పోయింది. సరే, మనుషులను గీద్దామని ఎదురుగా జామపండ్లు అమ్మే ఆయన్ను పట్టుకున్నాను. ముక్కు గీయాలంటే ముక్కు చూడాలి కదా. చూశాను. ఆయన చొక్కా గుండీ పెట్టుకున్నాడు. మళ్లీ చూశాను. తల దువ్వుకున్నాడు. మూడోసారి చూసేసరికి లేచి వచ్చి, "ఏందమ్మా, నన్ను గుర్తువడుతున్నవా? మనది ఏ ఊరు?" అని అడిగాడు. నేను డజను జామపండ్లు కొన్నాను.

తర్వాత పూలమ్మే ఆమెను చూస్తే ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ట్రాఫిక్ పోలీసును చూస్తే ఆయన నన్నే చూడటం మొదలుపెట్టాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. చెమటలు పట్టాయి, డిసెంబరు చలిలో. మనిషిని గీయాలంటే అంతసేపు మనిషి ముఖంలోకి చూడాలని నాకు తెలియదు. పన్నెండేళ్ల కాపురంలో మా ఆయన ముఖం కూడా నేను అంతసేపు చూడలేదు.

ఖాలా ఇంటికి పోయి జామపండ్లు ఇచ్చాను. ఆమె అన్నం పెట్టింది. నేను తినలేకపోతే, ఇద్దరూ కలిసి రండి అప్పుడు తిందువు అన్నది.

వచ్చే నెల కూడా పోతాను. నువ్వు రావాలని రాయడం లేదు. నేను పోతానని రాస్తున్నాను.

ప్రమోదిని

*

కరీంనగర్,
29 డిసెంబరు 1986.

ప్రమోదినికి సలాం.

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వకూడదని గట్టిగా అనుకుని కూడా నవ్వాను. దుకాణం నుంచి భోజనానికి వచ్చిన ఇబ్రాహీం ఏమైందని అడిగితే, జామపండ్లు అన్నాను. ఆయన ఫికర్ పడి నన్ను కూర్చోబెట్టారు.

పన్నెండేళ్లుగా నువ్వు అడగనిది మూడు గంటల్లో నీ అంతట నువ్వే తెలుసుకున్నావు. కానీ తెలుసుకున్నావని నీకు ఇంకా తెలియలేదు. కాబట్టి చెప్తాను.

మనుషుల బొమ్మ వేయకూడదు అనుకునేవాళ్లు మావాళ్లలో ఉన్నారు. వాళ్ల మాట వాళ్లది. మా ఇంట్లో ఆ మాట ఎన్నడూ రాలేదు. మా గోడ మీద క్యాలెండరు పిల్లాడు ఏడాదంతా నవ్వుతూనే ఉంటాడు. ఖాలా ఇంట్లో పెళ్లి ఫొటోల ఆల్బం నువ్వే రెండుసార్లు తిరగేశావు. నాగలి పక్కన రైతును ఎందుకు గీయలేదంటే, రైతు ముఖం నాకు రాదు కాబట్టి. ఏ మగవాడి ముఖాన్నీ నేను నిమిషం సేపు చూడలేదు. తలెత్తి చూడొద్దనే మా అమ్మీ పెంచింది, మీ అవ్వ నిన్ను పెంచినట్టే. అందుకే పట్నంలో నా కళ్లు కమాన్ల మీద ఉంటాయి. రాళ్లను ఎంతసేపు చూసినా గుండీ పెట్టుకోవు, ఏ ఊరని అడగవు.

ఇది చెప్పుకోవడం నాకు సిగ్గు. అయినా నువ్వు ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఇద్దరం ట్రైనింగు నాటి నుంచి ఒకే ప్లేటులో తింటున్నాం. నన్ను మాత్రం నువ్వు మర్యాదగా పక్కన కూర్చోబెట్టి, రబియా వాళ్లలో ఇంతే అని నీకు నువ్వే అనుకున్నావు. నాకు కోపం వచ్చింది టిఫిన్ డబ్బాలకు కాదు. హాల్లో నిలబడి అవి చూస్తుంటే దాదాపు నవ్వొచ్చింది, బీరువా అబద్ధం గుర్తొచ్చి బస్సెక్కాను. నీ ఉత్తరంలో "మీ మతంలో" అన్న మాట చదివినప్పుడే ఏడ్చాను. జవాబు రాయలేకపోయింది అందుకే.

ఇక లింగమూర్తి గారికి నా సలాం చెప్పు. మనుషులంటే షిఫ్టుకు పోయేవాళ్లే అన్న మాట నా మనసులో ఉండిపోయింది. ఆయన చూసినవాళ్లను ఆయన గీశాడు. ఆ మాత్రం నేను చేయలేకపోయాను కదా అనిపించింది.

అందుకే ఇందులో ఒక బొమ్మ పెట్టాను. మొజంజాహీ మార్కెట్టే, మళ్లీ వేశాను. ఒక స్టూలు మీద మనిషి ఉంది. నా చేత్తో వేసిన మొదటి మనిషి. ఎదురుగా కూర్చోబెట్టుకోకుండానే వేశాను, ఎందుకంటే ఆ ముఖాన్ని ఎన్నిసార్లు చూశానో నాకు తెలుసు. తినేటప్పుడు నువ్వు ఎవరినీ చూడవు. కాబట్టి నిన్ను ఎంతసేపైనా చూడొచ్చు. ఎడమ దవడ పొంగి ఉంటుంది, మూడో లుక్మీ అక్కడ ఉంటుంది.

రెండో స్టూలు ఖాళీగా ఉంచాను. నన్ను నేను చూసుకోలేను. అది నీ వంతు. లింగమూర్తి గారికి ఇవ్వొద్దు.

పత్తర్‌గట్టి బొమ్మ చిల్లుతోనే తీసుకురా. కమాన్లు లెక్కపెట్టాలి.

నీ
రబియా

*

మందమర్రి,
3 జనవరి 1987.

ప్రియమైన రబియాకు,

బొమ్మ చూసి ముందు ఏడ్చాను. తర్వాత, నేను ఇంత లావున్నానా అని ఇంట్లో అందరినీ అడిగాను. మా ఆయన స్కేలు తెచ్చారు. "కొలతలు బరాబరే ఉన్నయ్" అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రెండో స్టూలు కోసం మూడు రోజులు కూర్చున్నాను. నీ ముఖం నాకు బాగా తెలుసనుకున్నాను. పెన్సిలు పట్టుకుంటే నీ చెవులు ఎట్లా ఉంటాయో గుర్తు రాలేదు. నుదుటి మీద మచ్చ కుడివైపా, ఎడమవైపా? చాయ్ తాగేటప్పుడు కప్పు చూస్తావా, నన్ను చూస్తావా? ఇన్నేళ్లూ నీ పక్కన కూర్చుని నేను ప్లేటు చూశాను. చివరికి వేరే కాగితం మీద ఏదో గీశాను. నీ బొమ్మ మీద చెయ్యి పెట్టే ధైర్యం మళ్లీ నాకు లేదు. లింగమూర్తి వచ్చి చూసి, "టీచరమ్మా, స్టూలు మీద టిఫిన్ డబ్బా మంచిగొచ్చింది" అన్నాడు. అది నువ్వని చెప్పలేదు.

నిన్ను అడగకుండా ఊరుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. పదిహేడు అయ్యాయి. పదో తారీఖున తెస్తాను. మొదటిది ఇప్పుడే అడుగుతున్నాను, దాచుకోలేను. నీకు లుక్మీ ఇష్టమేనా, లేక ఇన్నాళ్లూ నా కోసమే ప్లేటు జరుపుతున్నావా?

పదకొండింటికి గడియారం కింద స్టూలు మీద కూర్చో. కమాన్ల వైపు చూడకు, నా వైపు చూడు. ఈసారి నేను గీస్తాను, నువ్వు తిను.

నీ
ప్రమోదిని